మెట్లేం లేవండీ, రెండే

సోమవారం

మా ఆయన మధ్యాహ్నం భోజనం చేసి ఆఫీసుకు వెళ్లారు. అత్తయ్య కునుకు తీస్తోంది. ఇల్లు నాది.

మా ఆయనకు అత్తయ్యా నేనూ చాటుగా పెట్టుకున్న పేరు భద్రంగారు. ఆ వానరోజు స్కూటరు జారినప్పటి నుంచి ఆయన నోట ఆ మాట తప్ప ఇంకోటి రావడం లేదు. మంచం అంచు, భద్రం. కాఫీ వేడిగా ఉంది, భద్రం. నిన్న నేను తుమ్మినా భద్రం అన్నారు. స్కూటరు నడిపింది ఆయన, వెనక కూర్చున్నది నేను. ఆయనకు మోచేయి గీరుకుంది. నాకు నడుము కిందనున్నదంతా నాది కాకుండా పోయింది. ఆ సంగతి మేమిద్దరం మాట్లాడుకోలేదు. మాట్లాడుకోవడానికి ఏముంది కనక.

ఈ చక్రాల కుర్చీలో ఇంట్లో ఎక్కడికైనా వెళ్తాను. వీధిలోకి వెళ్లను. వెళ్లలేక కాదు, పనేమీ లేక.

అసలు రాయవలసింది ఇది. పొద్దున్న ఆయన అత్తయ్యను చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. డాక్టరు అటు తిరిగి ఆయనతో మెల్లిగా ఏదో చెప్పాడట. అత్తయ్యకు చెవులు అంతంతమాత్రం గానీ పెదాలు చదవడంలో పండితురాలు. డాక్టరు వెనకనున్న బీరువా అద్దంలో అంతా చదివేసింది. ఎడమ చెవి పోయింది, కుడిది కూడా ఎక్కువ కాలం ఉండదు. ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే నా గదిలోకి వచ్చి మంచం మీద కూలబడింది.

"అమ్మాయ్, ఇది పూర్తిగా పోయేలోపు నేను సముద్రం వినాలి."

ఇంతవరకూ ఆవిడ సముద్రం చూడలేదు. ప్రతి వేసవిలోనూ వెళ్దామనుకోవడం, ఏదో ఒకటి అడ్డుపడడం. చూడ్డం సంగతి సరే, కళ్లు ఎటూ పోవు. వినాలి.

అన్నం దగ్గర కొడుకును అడిగింది. ఆయన కంచంలో చెయ్యి ఆపేశారు.

"సముద్రమంటే మాటలా అమ్మా? ఇసుక, మెట్లు, దారిలో ఎక్కడా బాత్రూములుండవు. తనని వదిలి ఎలా వెళ్తాం? పోనీ తీసుకెళ్దామంటే ఎలా తీసుకెళ్తాం?"

అత్తయ్య నా వైపు చూసింది. నేను పెరుగు వైపు చూశాను.

భోజనాలయ్యాక ఆయన టీవీలో సముద్రం పెట్టి సౌండు ఆఖరు దాకా పెంచారు. పై అంతస్తు ఆవిడ దిగొచ్చి పైపు పగిలిందా అని అడిగింది.


మంగళవారం

నాకేమీ సముద్రం పిచ్చి లేదు. ఇది అత్తయ్య కోసం.

బస్టాండు ఎంక్వయిరీలో ఇన్నేళ్లు కూర్చున్నదాన్ని. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ ఎక్కితే ఎక్కడ దిగొచ్చో ఊరందరికీ చెప్పిన గొంతు ఇది. ఆ గొంతు తీసి దులిపి ఫోను పట్టుకున్నాను. ఒడ్డునున్న హోటళ్లన్నిటికీ వరసగా చేశాను.

"మెట్లున్నాయా అండీ?"

"మెట్లేం లేవండీ."

"బొత్తిగా లేవా?"

"లేవండీ. రెండే."

"ఆ రెండూ ఎక్కకుండా లోపలికి రావచ్చా?"

"ఎక్కకుండా ఎలా వస్తారండీ?" అని నన్నే అడిగాడు. పాపం, నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టున్నాడు.

ఇంకోచోట లిఫ్టు ఉందిట. ప్రాణం లేచొచ్చింది. లిఫ్టు ఎక్కడుందంటే, మొదటి అంతస్తులో.

మూడో అతను మహా ధైర్యం చెప్పాడు. "మా కుర్రాళ్లు అలా ఎత్తుకుని తీసుకెళ్లిపోతారు మేడం. మొన్ననే పెద్ద ఫ్రిజ్జు పైకి ఎక్కించారు, ఒక్క గీత పడలేదు."

నాలుగో అతనికి తన బాత్రూం గుమ్మం ఎంత వెడల్పో తెలియదు. మీరు కూర్చున్న కుర్చీకి చక్రాలున్నాయా అని అడిగాను. ఉన్నాయన్నాడు. అందులో కూర్చునే లోపలికి వెళ్లి చూడమన్నాను. మంచివాడు, వెళ్లాడు. ఫోనులో చక్రాల చప్పుడు, తర్వాత దబ్బుమని ఏదో.

"వచ్చేశాను మేడం. పట్టింది."

"తలుపు వేసుకోండి."

"తలుపు కూడా వేయాలా అండీ?" కాసేపు గీకుళ్లు, మూలుగులు. "మేడం, ఇప్పుడు బయటికి రాలేకపోతున్నాను."

ఎవరినైనా పిలవమని చెప్పి పెట్టేశాను. ఎంత నవ్వానంటే కుర్చీ దానంతట అదే వెనక్కి జరిగింది.


బుధవారం

భద్రంగారు ఫోను బిల్లు చూసి ఏమంటారో. డాక్టర్లకు చేశానని చెప్తాను.


గురువారం

హోటలు దొరికింది. సముద్రానికి ఎదురుగా ఉంది. మేనేజరుది వెన్నలాంటి గొంతు. "మా దగ్గర అన్ని సదుపాయాలూ ఉన్నాయమ్మా. మీలాంటివాళ్ల కోసం కింద ప్రత్యేకంగా ఒక గదే ఉంది. మా బోర్డు మీద చక్రాల కుర్చీ బొమ్మ కూడా వేయించాం."

బాత్రూం ఫొటో పంపమన్నాను. సూర్యాస్తమయం పంపాడు. బాత్రూం అని మళ్లీ అడిగాను. ఇంకో సూర్యాస్తమయం పంపాడు, ఇందులో పడవ కూడా ఉంది.

ఎంక్వయిరీలో ఉన్నప్పుడైతే ఇలాంటివాణ్ణి అక్కడికక్కడే కడిగేసేదాన్ని. అయినా మాట తీరు చూస్తే నమ్మకస్తుడిలాగే ఉన్నాడు. గది ఖాయం చేసేశాను.

అసలు చిక్కు అత్తయ్యతో. చెవులు వినపడనివాళ్లకు తమ గుసగుస ఎంత పెద్దదో తెలియదు. "వాడికి తెలియకూడదు" అని ఆవిడ నా చెవిలో చెప్తే వీధిలో వెళ్తున్న మనిషి తిరిగి చూశాడు. అందుకని సముద్రానికి ఒక మారుపేరు పెట్టుకున్నాం. బీరువా.

రాత్రి భోజనాల దగ్గర అత్తయ్య నాతో గట్టిగా, "అయితే బీరువాకి ఎప్పుడు బయల్దేరుతున్నాం?" అంది.

భద్రంగారు ఆవిణ్ణి చూశారు, నన్ను చూశారు, బీరువాను చూశారు.

"పెద్దావిడ కదా, అప్పుడప్పుడు అలాగే అంటున్నారు," అన్నాను బాధగా మొహం పెట్టి. అత్తయ్య ఆ మాట నా పెదాల మీద చదివి బల్ల కింద నా కాలు తొక్కింది. నాకు తెలియదని మరిచిపోయింది. కుర్చీ కదిలితే చూసుకున్నాను.


శుక్రవారం

భద్రంగారిని ఆఫీసువాళ్లు తనిఖీ పనిమీద పొరుగూరు పంపిస్తున్నారు. రేపు వెళ్తే వారం దాకా రారు. వెళ్లనని చెప్తానన్నారు. నేనూ అత్తయ్యా ఒకేసారి వద్దు వద్దు అన్నాం. కాస్త తొందరపడ్డాం, ఆయన అనుమానంగా చూశారు. ఉద్యోగం ముఖ్యం కదండీ అన్నాను.

మమ్మల్ని పై అంతస్తు ఆవిడకు అప్పజెప్పారు. ఆవిడ తల ఊపి అన్నీ విని, ఆయన అటు వెళ్లగానే నా దగ్గరికొచ్చి, "మీ అత్తగారి గుసగుసలు మా వంటింట్లోకి శుభ్రంగా వినిపిస్తాయండీ. నేను చెప్పనులెండి. నాకో శంఖం పట్రండి," అంది.

లంచం అంటే ఇదీ.


శనివారం

మబ్బు పట్టేలా ఉంది. ఈసారికి మానేద్దామని అత్తయ్యతో అన్నాను. ఆవిడ లేచి కిటికీ తెర తీసింది. బయట ఎండ పెళపెళలాడుతోంది.

"ఎక్కడే మబ్బు?"

"వస్తుంది."

"భయమా?"

"నాకెందుకు భయం? మీ ఆరోగ్యం గురించే ఆలోచిస్తున్నాను. గాలి పడదేమో, ప్రయాణం బడలికేమో..."

నేనింకా చెప్తూనే ఉన్నాను. ఆవిడ చెవి మిషను తీసి సంచిలో వేసుకుని, నా బట్టలు సర్దడం మొదలుపెట్టింది. వినపడకపోవడమనే జబ్బును ఇంత వాటంగా వాడుకునే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.


ఆదివారం

ఇది సముద్రం పక్కన కూర్చుని రాస్తున్నాను. సముద్రం పక్కన. మళ్లీ రాశానేమిటో.

మొదటి నుంచీ చెప్పాలి. టాక్సీ వచ్చింది. ఫిజియో అమ్మాయి వాడడం నేర్పిన చెక్క పలక ఉంది కదా, దాన్ని కుర్చీకీ కారు సీటుకీ మధ్య వంతెనలా వేసి దాని మీదుగా జారడం. ఇంట్లో మంచం మీదికి రోజూ చేసేదే. వీధిలో మాత్రం నలుగురూ ఆగి చూశారు. డ్రైవరు చేతులు రెండూ చాపి, నన్ను ముట్టుకోవాలో వద్దో తెలియక, గాల్లో బిందె పట్టుకున్నట్టు నిలబడిపోయాడు. నేను సీట్లోకి చేరాక నాకంటే అతనికే చెమటలు ఎక్కువ పట్టాయి.

దారంతా నీళ్లు తాగకూడదనుకున్నాను. ఎందుకో ప్రయాణాలు చేసే ఆడవాళ్లందరికీ తెలుసు, నాకు ఇంకాస్త ఎక్కువ తెలుసు. అత్తయ్య కనిపెట్టేసింది. సీసా నా చేతికిచ్చి, నేను గుటక వేసేదాకా నా గొంతు వంకే చూస్తూ కూర్చుంది. తాగాను. అయితే ఆ ఏర్పాటు నేను ముందే చూసుకున్నాను. దారిలో ఒక పెద్దాసుపత్రి ఉంది. ఆసుపత్రుల్లో బాత్రూములు విశాలంగా ఉంటాయి, ర్యాంపులు ఉంటాయి, చక్రాల కుర్చీని ఎవరూ వింతగా చూడరు. దర్జాగా లోపలికి వెళ్లాం. కౌంటరు దగ్గర ఏ పేషెంటు కోసమండీ అని అడిగారు.

అత్తయ్య చెవి చూపించింది. "వినపడదు నాయనా."

"చెవుల విభాగం ఎడమవైపండీ."

బాత్రూం కూడా ఎడమవైపే ఉంది. డ్రైవరు కూడా వెళ్లొచ్చాడు. ఇంత శుభ్రమైన బాత్రూం ఈ దారిలో లేదని, ఇకమీదట తన ప్రయాణికులందరికీ ఇక్కడే జబ్బు చేయిస్తానని అన్నాడు.

ఇక హోటలు. బోర్డు మీద చక్రాల కుర్చీ బొమ్మ నిజంగానే ఉంది. ర్యాంపు కూడా ఉంది. దాని మీద వరసగా పూలకుండీలు పెట్టారు. డ్రైవరు ఒక్కొక్కటే పక్కకు జరిపాడు. నన్ను గుమ్మం దాకా తోసి, సామాను దించి, పాపం వేరే బేరముందని వెళ్లిపోయాడు.

వెన్నగొంతు మేనేజరు ఎదురొచ్చాడు. నన్ను చూశాడు, కుర్చీని చూశాడు. మేం ఫోనులో చెప్పినవాళ్లమేనని అప్పుడు అర్థమైనట్టుంది. నా పక్కకు వంగి, హాల్లో ఉన్నవాళ్లకు వినపడకుండా, "అమ్మా, చిన్న ఇబ్బంది వచ్చింది," అన్నాడు.

హాలు నిండా జనం. ఏదో కంపెనీవాళ్లు విహారయాత్రకొచ్చి పెట్టెలతో నిలబడి ఉన్నారు. నేను సరిగ్గా గుమ్మంలో ఉన్నాను. బ్రేకులు వేశాను. ఇక లోపలివాళ్లు బయటికి పోలేరు, బయటివాళ్లు లోపలికి రాలేరు.

"మా అత్తయ్యతో చెప్పండి," అన్నాను. "మా ఇంట్లో పెత్తనం ఆవిడదే."

మేనేజరు అత్తయ్య వైపు వంగాడు. "ఆ గది ప్రస్తుతం ఖాళీ లేదమ్మా."

"ఏమిటి నాయనా?"

"గది ఖాళీ లేదు."

"నాకు చెవుడు. కాస్త గట్టిగా."

అతని పెదాలు ఆవిడకు జానెడు దూరంలో ఉన్నాయి. అక్షరం పొల్లుపోకుండా చదువుతోందని నాకు తెలుసు. మొహం మాత్రం పసిపిల్లలా పెట్టింది.

"గదిలో సామాను ఉందండీ," గొంతు పెంచాడు.

"ఎవరి సామాను?"

"మాదే. పాత పరుపులు."

"పాత ఏమిటి?"

"పరుపులు. గదినిండా పాత పరుపులు పడేశాం." హాలంతా నిశ్శబ్దం అయిపోయింది. అతనొక్కడి గొంతే వినిపిస్తోంది.

"తీసేస్తే సరిపోయె," అంది అత్తయ్య. "తర్వాత?"

"తీసినా లాభం లేదమ్మా. బాత్రూంలోకి కుర్చీ పట్టదు."

"దేంట్లోకి?"

"బాత్రూంలోకి."

"ఏం పట్టదు?"

"కుర్చీ. మా బాత్రూంలోకి చక్రాల కుర్చీ పట్టదు," అని అతను బస్టాండులో నేను కూడా ఎప్పుడూ అరవనంత గట్టిగా అరిచాడు.

వెనక నుంచి ఒక భారీ మనిషి, కంపెనీ వాళ్లలో పెద్దాయనలా ఉన్నాడు, "కుర్చీ దాకా ఎందుకండీ? పోయిన ఏడాది వచ్చినప్పుడు నేను పక్కకు తిరిగి వెళ్లాల్సి వచ్చింది," అన్నాడు. అందరూ నవ్వారు. ఒకావిడ, మరి బోర్డు మీద ఆ బొమ్మ ఎందుకు వేశారని అడిగింది. ఇంకొకతను మేమందరం వేరే హోటలుకు పోతామన్నాడు. మేనేజరు మొహం ఎర్రగా, తర్వాత తెల్లగా అయింది.

నాకు జాలి వేసింది. వెంటనే తగ్గిపోయింది. పక్కకు జరగలేదు.

"వడ్రంగి ఉన్నాడా?" అన్నాను. "బాత్రూం తలుపు ఊడదీయించండి. తలుపుతోపాటు దాని చట్రం కూడా. కుర్చీ పడుతుంది. గుమ్మానికి అడ్డంగా దుప్పటి కట్టుకుంటాం. మేమిద్దరం ఆడవాళ్లమే, మాకేం మొహమాటం."

ఉన్నాడు. ఊడదీశాడు. పరుపులు మోయడానికి కంపెనీవాళ్లు కూడా ఓ చెయ్యి వేశారు. గది కిటికీ తెరిస్తే ఎదురుగా సముద్రం. ఇన్నాళ్లూ ఆ పరుపులకు ఎంత మంచి దృశ్యం దొరికిందో.


సోమవారం

పొద్దున్న హోటలు ముందున్న సిమెంటు బాట చివరిదాకా వెళ్లాం. అక్కడితో నా ప్రయాణం సరి, ఆ తర్వాత ఇసుక. మీరు వెళ్లండి అత్తయ్యా అన్నాను. వెళ్లదు.

"ఇక్కణ్ణుంచి వినొచ్చుగా మరి."

"ఇక్కడికి కార్ల హారన్లే వినపడుతున్నాయి."

"అందుకే వెళ్లమంటున్నా."

"నువ్వు రాకుండా నేను వెళ్లి ఏం చేయను? ఒక్కదాన్నే నిలబడి వింటే పిచ్చిదనుకుంటారు."

మధ్యాహ్నం దాకా ఇదే తగువు. ఇసుక అంచున ఇద్దరం మొహాలు ముడుచుకుని కూర్చున్నాం. నాకు మాత్రం సముద్రం ఏమంత గొప్పగా అనిపించలేదు. పెద్ద చెరువు. గాలికి కళ్లలో నీళ్లు వస్తాయి.

సాయంత్రం భద్రంగారి ఫోను.

"ఏమిటా హోరు?"

"మిక్సీ అండీ."

"ఇంతసేపా?"

"పచ్చడి."

వెనక నుంచి అత్తయ్య, నేను ఫోనులో ఉన్నానని చూడలేదు, "అమ్మాయ్, సముద్రం ఇంకా ముందుకొచ్చిందే," అంది. ఆవిడ మామూలుగా అన్నా అది ప్రకటనే.

 ఆయన హోటలు పేరు మాత్రం అడిగారు.


మంగళవారం

వచ్చారు. తెల్లవారుతూనే బస్సు దిగి, ఆఫీసు చొక్కాతో, చేతిలో సంచితో. మేం బాట చివర ఉన్నాం. నేను ఏమేం అబద్ధాలు చెప్పాలో రాత్రే వరస పెట్టుకున్నాను. ఆయన మొహం చూడగానే ఒక్కటీ గుర్తు రాలేదు. కోపం కాదు అది. నన్ను ఆసుపత్రిలో మొదటిసారి చూసినప్పటి మొహం.

"ఏదైనా అయితే?" అన్నారు. "ఇద్దరూ ఇంత దూరం. ఎవరూ లేకుండా. ఏదైనా అయితే?"

అత్తయ్య మిషను తీసి సంచిలో వేసుకుంది.

"అమ్మా, నీకు చెప్తున్నాను."

"వినపడ్డం లేదురా. నీళ్ల దగ్గరికి తీసుకెళ్లు, అక్కడ వింటాను."

ఆయన నా వైపు తిరిగారు. నేను ఏదో సరదాగా అందామనుకున్నాను. నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"మీ అమ్మ నన్ను వదిలి వెళ్లనంటోంది. నాకు కూడా వెళ్లాలనుంది. మొదటి నుంచీ."

రాశాక చూస్తే చిన్న మాటే. చెప్పేటప్పుడు మాత్రం చిన్నదనిపించలేదు.

ఆయన సంచి కింద పెట్టారు. కుర్చీ పట్టుకుని ముందుకు తోశారు. ముందు చక్రాలు వెంటనే దిగబడిపోయాయి. ఆయన ఇంకా గట్టిగా తోశారు, ఇంకా దిగబడ్డాయి.

"వెనక్కి తిప్పి లాగండి," అన్నాను. "చిన్న చక్రాలు గాల్లోకి లేవాలి."

"పడిపోతావు."

"కింద ఇసుకే కదండీ."

తిప్పారు. కుర్చీని వెనక్కి వాల్చి లాగడం మొదలుపెట్టారు. కాబట్టి నేను సముద్రం దగ్గరికి వీపు చూపిస్తూ వెళ్లాను. నాకు కనిపించిందల్లా హోటలు, బాట, దాని మీద మేనేజరు. చూస్తున్నాడు. నేను చెయ్యి ఊపాను. అలవాటు కొద్దీ నవ్వాడు. ఆయన ఆగి ఊపిరి తీసుకుంటున్నారు, మళ్లీ లాగుతున్నారు. అత్తయ్య పక్కనే చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తోంది.

తడి ఇసుక వచ్చింది. అత్తయ్య ఆగిపోయింది. మిషను ఇంకా సంచిలోనే ఉంది. పెట్టుకోండి అని సైగ చేశాను. తీసి పెట్టుకుంది, మొహం చిట్లించింది, మళ్లీ తీసేసింది. "దాంట్లోంచి వింటే గాలి గీకుతోందే." అలా వట్టి చెవులతో నిలబడింది. పెద్ద అల ఒకటి వచ్చి విరిగింది. ఆవిడ చెయ్యి గుండెల మీదికి పోయింది.

"ఇక్కడ వినపడుతోంది," అంది. మొదటిసారి ఆవిడ గొంతు నిజంగా గుసగుసలా ఉంది. "చెవిలో కాదు అమ్మాయ్. ఇక్కడ." ఇంకో అల. "ఇది పోదు కదూ, చెవులు పోయినా?"

నేను అటు తిరిగి చూడబోయాను. నడుము పైభాగం మాత్రమే తిరుగుతుంది కదా, కాస్త ఎక్కువే తిరిగాను. అదే సమయానికి అల వెనక్కి పోతూ ఒక చక్రం కింద ఇసుకను లాక్కుపోయింది. కుర్చీ పక్కకు ఒరిగింది. ఆయన పట్టుకోబోయారు. అందలేదు. పడిపోయాను.

ఇన్ని నెలలుగా ఇంటిల్లిపాదీ దేనికి భయపడుతున్నామో అది అయిపోయింది. మోచెయ్యి తడి ఇసుకలో దిగబడింది. నోట్లో కాస్త ఉప్పు. అంతే. ఇంకేమీ కాలేదు. ఏమైనా అవుతుందేమోనని ఒక క్షణం చూశాను. కాలేదు.

ఆయన పక్కన మోకాళ్ల మీద కూలబడ్డారు. "దెబ్బ తగిలిందా, ఎక్కడ, చెప్పు," అంటూ చేతులు నా చుట్టూ తడుముతున్నాయి. నేను నవ్వుతున్నానని ఆయనకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. ఏడుస్తున్నాననుకున్నారేమో. అది కూడా కొంత ఉంది.

"ఉండనివ్వండి," అన్నాను. "నేల మీద కూర్చుని ఎన్నాళ్లయిందో."

మోచేతుల మీద లేచి కూర్చున్నాను. ఆయనకు ఆనుకున్నాను. నీళ్లు వచ్చి కాళ్లను కప్పేశాయి. నాకు తెలియలేదు, చూశాను. తర్వాత ఇంకో అల నడుము దాటి పైకి వచ్చింది. అది తెలిసింది. ఎంత చల్లగా ఉందో, కేక పెట్టాను.

ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. 

"ఆ రోజు," అని మొదలుపెట్టారు, "నేను స్కూటరు..."

ఒక అల సరిగ్గా ఆయన మొహాన కొట్టింది. నోరు తెరిచి ఉందేమో, మిగతా మాటంతా సముద్రం తాగేసింది. దగ్గు, ఉమ్ములు, కళ్లు ఎర్రబడి, ఆఫీసు చొక్కా ఒంటికి అతుక్కుపోయి, మా పెళ్లైన కొత్తలో కూడా నేను ఆయన్ని ఇంత ముద్దుగా చూసిన గుర్తు లేదు.

"ఇంటికెళ్లాక చెప్పండి," అన్నాను. "వింటాను. మీరు చెప్పింది వింటాను, నేను చెప్పాల్సింది చెప్తాను."

తల ఊపారు.

అత్తయ్య తిరిగి చూసి, కొడుకూ కోడలూ నీళ్లలో కూలబడి ఉండడం గమనించి, "నన్ను పిలవకుండా కూర్చున్నారా," అని తనూ వచ్చి మా పక్కన కూర్చుంది. కుర్చీ కాస్త అవతల చక్రాలు పైకి పెట్టి పడి ఉంది. నన్ను మళ్లీ దాంట్లోకి ఎలా ఎక్కించాలో ముగ్గురిలో ఒక్కరికీ తెలియదు. ఆ మాట ఎవరూ ఎత్తలేదు.


గురువారం

ఇంటికి వచ్చేశాం. ఇసుక ఇంకా రాలుతూనే ఉంది. ఎక్కణ్ణుంచి రాలుతోందో డైరీలో కూడా రాయను.